చేతి కంప్యూటరుకు నెట్టు పెట్టుకొనే విధానం
(మన్సూరాబాద్‌లో మన సంఘం వార్షిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కార్యవర్గం వారు ఈ ఏడు మాకు అప్పగించిన అంశం చేతి కంప్యూటరు, అనగా మనమందరం ట్యాబు అని పిలుచుకొనే వస్తువు. దానికి ఇంటర్నెట్టు ఎట్లా పెట్టుకోవాలో చెప్పమన్నారు. ఈ మాట మైకులో చదవగానే వెనుక వరుసలో కొందరు యువకులు నవ్వుకున్నారు, మేము చూశాము. పాస్‌వర్డ్ కొడితే అయిపోయె, దీనికొక ప్రసంగమా అని వారి నవ్వుకు అర్థం. నిజమే, వారికది రెండు నిమిషాల పని. కాని వారి ఇంట్లో అమ్మీకి, నానీకి, ఏడో తరగతి చదివే చెల్లెలికి అది రెండు నిమిషాల పని కాదు. వారికి చేతగాక కాదు. ఎవరూ పక్కన కూర్చొని వారి చేత ఒక్కసారి చేయించలేదు, అంతే. "ఇటు ఇవ్వండి" అని ట్యాబు గుంజుకొని, టకటకా నొక్కి, తిరిగి చేతిలో పెట్టడమే మన ఇండ్లలో జరుగుతున్నది. ఈ ప్రసంగం ముఖ్యముగా వారి కొరకు. నవ్విన యువకులు కూడా కాస్త ఓపిక పట్టవలెనని మనవి. చివర వారికీ ఒక పని ఉన్నది.

మన బస్తీలో జరిగిన సంగతి ఒకటి చెప్తాము. పేర్లు వద్దు. ఇంటర్ చదివే ఒక ఆడపిల్ల. ఇంట్లో ట్యాబు ఉన్నది, దానికి నెట్టు లేదు. స్కాలర్‌షిప్పు దరఖాస్తు ఒక నెట్ సెంటరులో చేయించినారు. ఫారములో మొబైల్ నంబరు అడిగితే అక్కడి అబ్బాయి పని తొందరగా తెమలాలని తన నంబరే వేసినాడు. మరుసటి ఏడు రెన్యువల్ చేయబోతే ఓటీపీ ఆ నంబరుకు పోయింది. ఆ సెంటరు అప్పటికే ఎత్తేసినారు, అబ్బాయి ఎక్కడికి పోయినాడో తెలియదు. నంబరు మార్పించడానికి కాలేజీకీ ఆఫీసుకూ తిరుగుతుండగా గడువు దాటిపోయింది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. కాని ఆ ఏడు ఫీజు ఆ పిల్ల తండ్రి అప్పు తెచ్చి కట్టవలసి వచ్చింది. ట్యాబేమో ఇంట్లో బీరువాలోనే ఉన్నది.

బీరువాలో ట్యాబు అంటే మన దగ్గర చాలా ఇండ్లు గుర్తుకు వస్తాయి. 2020లో బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానెళ్ళలో పాఠాలు మొదలైనప్పుడు, ప్రైవేటు బడులు ఫోనుల్లో క్లాసులు పెట్టినప్పుడు, ఎంతోమంది కష్టపడి ట్యాబులు కొన్నారు. బడులు తెరిచిన తరువాత అవి మూల పడ్డాయి. ఇక్కడ ఒక విచిత్రం చూడండి. మెట్రో ఎక్కితే ఎల్.బి. నగర్ నుండి దిల్‌సుఖ్‌నగర్ కొద్ది నిమిషాల దూరం. అక్కడ ఏ మేడ చూసినా కంప్యూటర్ కోచింగ్ బోర్డులే. ఎక్కడెక్కడి జిల్లాల పిల్లలో వచ్చి హాస్టళ్ళలో ఉండి అక్కడ సాఫ్ట్‌వేరు నేర్చుకొని పోతున్నారు. దాని పొరుగున ఉన్న మన ఇండ్లలో ట్యాబుకు నెట్టు లేదు.

చేతిలో పట్టే కంప్యూటరు మన దేశానికి కొత్త సంగతి కాదు. 2001లోనే బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అధ్యాపకులు, ఎన్‌కోర్ అనే కంపెనీ వారు కలిసి సింప్యూటర్ అనే పరికరమును రూపొందించినారు. చదువురాని వారు కూడా వాడగలగాలని, మన భాషలలో చదివి వినిపించే ఏర్పాటు అందులో పెట్టినారు. నెట్టుకు మోడెము, అనగా టెలిఫోను తీగ. మాకు అందులో బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. ఊరికంతా ఒక్క పరికరం ఉన్నా సరే, ఎవరి కార్డు వారు పెట్టుకొంటే ఎవరి లెక్కలు వారికి కనబడేవి. 2004లో బజారులోకి వచ్చింది, ఎక్కువగా అమ్ముడుపోలేదు. కాని ఒక్క పరికరం పదిమందికి పనికి రావాలన్న ఆలోచన మనవంటి సంఘాలు మరిచిపోతగినది కాదు.

ఆ తరువాత వచ్చినది ఆకాశ్. ఇది మన హైదరాబాదు వారికి దగ్గరి సంగతి, ఎందుకంటే డేటావిండ్ అనే కంపెనీకి ఆ మొదటి ట్యాబులను బిగించినది మన నగరములోనే. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో విడుదల చేసినారు. ఏడంగుళాల తెర, 256 ఎం.బీ. మెమరీ, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు. ఈనాటి పిల్లలు వింటే నవ్వుతారు. ప్రభుత్వానికి పడిన ధర 2,276 రూపాయలు. ప్రపంచములోనే చవకైన ట్యాబు అని పేపర్లన్నీ వ్రాసినవి. దానికి ఉన్న లోపాలు పెక్కు చెప్పినారు: తెర గట్టిగా నొక్కవలెను, బ్యాటరీ నిలవదు అని. మా దృష్టిలో అసలు చిక్కు వేరు. విద్యార్థులకు ఇచ్చిన ఆ ఆకాశ్‌లో సిమ్ పెట్టే చోటు లేదు, వైఫై మాత్రమే గలదు. 2011లో వైఫై ఎన్ని కాలేజీలలో ఉండెను? ఎన్ని ఇండ్లలో ఉండెను? ఎండిన బావికి కొత్త చేద కొనిచ్చినట్లయింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచినప్పుడు పాఠాలు ముందే అందులో నింపి, నెట్టు లేకున్నా తెరుచుకునేటట్లు చేసి ఇచ్చినారు. ఆ కార్యక్రమం మీద ఎవరి అభిప్రాయం వారిది, కాని ఆ ఒక్క జాగ్రత్త మాత్రం ఆకాశ్ అనుభవము తరువాత తీసుకోదగినదే.

ఇక పనిలోకి వస్తాము.

ట్యాబులోకి నెట్టు రావడానికి రెండు దారులున్నవి. ఒకటి వైఫై, రెండవది సిమ్. మీ ట్యాబు అంచున సిమ్ పెట్టే చిన్న అర ఉన్నదో లేదో ముందు చూసుకోండి. కొన్ని ట్యాబులలో అర ఉంటుంది గాని అది మెమరీ కార్డుకు మాత్రమే. డబ్బా మీద "వైఫై ఓన్లీ" అని ఉంటే సిమ్ దారి లేనట్లే.

సిమ్ ఉన్న ట్యాబు అయితే, అది ఏ కాలము నాటిదో చూడవలెను. 3జీ ట్యాబులో జియో సిమ్ వేసి పనిచేయడం లేదని చాలామంది దుకాణాల చుట్టూ తిరుగుతారు. జియో 2016 సెప్టెంబరులో 4జీ మీదనే మొదలైంది, దానికి 3జీ లేదు. ఎయిర్‌టెల్ వారు కూడా 2020 నాటికి 3జీ మూసివేసినారు. కనుక అటువంటి ట్యాబులో తప్పు సిమ్ముదీ కాదు, మీదీ కాదు. దానికి వైఫై దారే మేలు. 4జీ ట్యాబే అయి, సిగ్నలు గీతలు నిండుగా ఉండి కూడా పేజీ తెరుచుకోకపోతే, ఏపీఎన్ అనే చోట చూడండి. సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్, అందులో యాక్సెస్ పాయింట్ నేమ్స్. అది కంపెనీ వారి గుమ్మం పేరు. జియో అయితే జియోనెట్ అని, ఎయిర్‌టెల్ అయితే ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్ అని, బీఎస్‌ఎన్‌ఎల్ అయితే బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్ అని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, నడుమ ఖాళీ లేకుండా ఉండవలెను. మామూలుగా అది దానంతట అదే పడుతుంది. ఒక కంపెనీ సిమ్ తీసి ఇంకొకటి వేసినప్పుడు ఒక్కోసారి పాత పేరు మిగిలిపోతుంది.

ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉన్నదో కూడా తెలుసుకోండి. దుకాణంలో "నా దగ్గర ఒకటి ఉన్నది, వేసుకోండి" అని ఇచ్చినది తీసుకోవద్దు. 2023లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లో మన పేరున ఎన్ని నంబర్లున్నవో చూసుకోవచ్చును, మనవి కానివి తీయించవచ్చును.

ఇక వైఫై. ఇంట్లో రౌటరు లేకపోతే అబ్బా ఫోనే రౌటరవుతుంది. ఫోనులో హాట్‌స్పాట్ అనే చోట మీట నొక్కితే ఆ ఫోను పేరు ట్యాబులో కనబడుతుంది, పాస్‌వర్డ్ కొట్టవలెను. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, పాత ట్యాబుకు ఒక్కోసారి ఆ పేరే కనబడదు. కారణము, వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ అని, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల తరంగాలున్నవి. చవక ట్యాబులు, పాత ట్యాబులు అనేకం మొదటిదానినే పట్టుకోగలవు. ఫోను రెండవదానిలో పంపుతుంటే ట్యాబుకు వినబడదు. హాట్‌స్పాట్ సెట్టింగులో బ్యాండ్ అనే చోట 2.4 ఎంచుకుంటే సరి. ఇంటి రౌటరుకూ ఇదే లెక్క. పైగా 5 గిగాహెర్ట్జ్ వేగమే గాని గోడలు దాటలేదు. మన దగ్గర కింద పోర్షనులో రౌటరు, పైన స్లాబు మీద వేసిన గదిలో పిల్లల చదువు. మధ్యలో సిమెంటు, ఇనుప సలాకలు. రౌటరును ఇనుప బీరువా మీద పెట్టి, దాని ముందు పెళ్ళి ఫోటోల ఫ్రేములు నిలబెట్టిన ఇల్లు కూడా మేము చూశాము. దానిని తీసి మెట్ల దగ్గర గోడకు కొట్టగానే పై గదిలో పాఠం నడిచింది. ఖర్చు రెండు మేకులు.

వైఫై గుర్తు వచ్చింది, దాని పక్కన ఆశ్చర్యార్థకం వంటి చిన్న గుర్తు ఉన్నది. దీనిని చూసి ట్యాబు చెడిపోయిందని అనుకుంటారు. నల్లా మంచిగనే ఉన్నది, పైపులో నీళ్ళు రాలేదు అని దాని అర్థం. ట్యాబుకూ రౌటరుకూ మధ్య అంతా సరిగా ఉన్నది, రౌటరుకు బయటి నుండి నెట్టు రావడం లేదు. అప్పుడు ట్యాబులో ఏమి నొక్కినా లాభం లేదు, నెట్టు కంపెనీకి ఫోను చేయవలెను. ఇంకొక రకం ఉన్నది: "ఆబ్టెయినింగ్ ఐపీ అడ్రస్" అని వ్రాసి అక్కడే ఆగిపోవుట. రౌటరు తన దగ్గరకు వచ్చిన ప్రతి పరికరానికి ఒక ఇంటి నంబరు ఇస్తుంది, 192.168.1.5 అన్నట్లుగా. ఆ నంబరు అందకపోతే ఇట్లా అవుతుంది. రౌటరు స్విచ్ తీసి, అర నిమిషం ఆగి మళ్ళీ వేయండి. ట్యాబులో ఆ వైఫై పేరును నొక్కి పట్టి, "ఫర్గెట్" చేసి మళ్ళీ పాస్‌వర్డ్ ఇవ్వండి. నూటికి తొంభై వరకు దీనితోనే కుదురుకుంటుంది.

మేము ఎక్కువసేపు చెప్పదలచిన సంగతి తేదీ. బీరువాలో నుంచి తీసిన ట్యాబులలో చాలా వాటికి జబ్బు ఇదే, దీనిని ఎవరూ అనుమానించరు. బ్యాటరీ పూర్తిగా చచ్చి నెలల తరబడి పడి ఉంటే లోపలి గడియారం ఆగిపోతుంది. చార్జింగు పెట్టి తెరిస్తే కొన్ని ట్యాబులు 1970 జనవరి 1 అని చూపిస్తాయి. ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లినక్స్, ఆ వంశపు కంప్యూటర్లన్నీ కాలమును ఆ రోజు నుండి లెక్క పెడతాయి. వైఫై కలుస్తుంది, గీతలు నిండుగా ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. కనెక్షను భద్రముగా లేదని ఇంగ్లీషులో ఎర్ర గుర్తుతో భయపెడుతుంది. దాని కథ ఏమిటంటే, ప్రతి వెబ్‌సైటు తాను ఫలానా అని చెప్పే ఒక సర్టిఫికెట్టు చూపిస్తుంది. దాని మీద ఈ తేదీ నుండి ఈ తేదీ వరకు చెల్లును అని ఉంటుంది. మన ట్యాబు 1970లో కూర్చొని ఆ కాగితం చూస్తే, అది ఇంకా పుట్టని కాగితం. అందుకని తలుపు వేసేస్తుంది. సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్‌కు పోయి నేటి తేదీ, సమయము, భారత కాలమానము పెట్టండి. అంతే, నెట్టు వచ్చేస్తుంది. ఈ చిన్న దానికి మూడు వందలు, ఐదు వందలు తీసుకొని "సాఫ్ట్‌వేరు వేసినాము" అని చెప్పే దుకాణాలు ఉన్నవి. ఏ బజారు అని అడగవద్దు.

తేదీ సరిచేసినా కొన్ని పేజీలు తెరుచుకోకపోతే, ఆ ట్యాబు ఆండ్రాయిడ్ ఎన్నో నంబరుదో చూడండి. 7 కంటే పాతది అయితే ఈ కాలపు సర్టిఫికెట్లు కొన్నిటిని అది గుర్తుపట్టదు. దానికి మందు లేదనే చెప్పాలి. దానిని పిల్లలకు పుస్తకాలు, ఖుర్‌ఆన్ పారాయణం రికార్డులు నింపి ఇవ్వండి, నెట్టు పనికి వద్దు. పాత సామాన్ల బజారులో చవకగా దొరుకుతున్నదని అటువంటిది కొనకండి.

ఇంటి రౌటరు ఉన్నవారికి ఒక మాట. బిగించిన కుర్రవాడు పెట్టిపోయిన పాస్‌వర్డే ఏళ్ళ తరబడి ఉంచుకుంటున్నారు. ఇంటి యజమాని ఫోను నంబరో, ఒకటి నుండి ఎనిమిది వరకు అంకెలో. దానిని మార్చండి. 192.168.1.1 అని గాని, 192.168.0.1 అని గాని కొడితే చాలా రౌటర్ల లోపలి పేజీ వస్తుంది. సరియైన చిరునామా రౌటరు అడుగున చీటీ మీద ఉంటుంది. కొత్త పాస్‌వర్డ్ పన్నెండు అక్షరాలకు తగ్గకుండా పెట్టి, కాగితం మీద వ్రాసి, రేషన్ కార్డు ఉంచే చోటనే ఉంచండి. ముఖ్యముగా ఆ కాగితం ఇంటి ఇల్లాలికి తెలిసిన చోట ఉండవలెను. కొడుకు దుబాయి పోయినాడు, పాస్‌వర్డ్ వాడికే తెలుసు అనే మాట మేము ఎన్నిసార్లో విన్నాము. కొందరు రౌటరులో తాము అనుమతించిన పరికరాలు తప్ప రాకుండా కట్టడి పెట్టుకుంటారు. ఆండ్రాయిడ్ 10 నుండి, అనగా 2019 తరువాతి ట్యాబులు ప్రతి వైఫైకి ఒక కొత్త మారు నంబరు చూపిస్తాయి. కట్టడి ఉన్న ఇంట్లో కొత్త ట్యాబు రానీయకపోతే, ప్రైవసీ అనే చోట "యూజ్ డివైస్ మ్యాక్" అని మార్చితే కలుస్తుంది.

బయట దొరికే ఉచిత వైఫై సంగతి. రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ వైఫై తొలి విడతల్లో వచ్చిన స్టేషన్లలో మన కాచిగూడ ఒకటి, 2016 ఏప్రిల్‌లోనే వచ్చింది. అటువంటి చోట కలిసిన వెంటనే నెట్టు రాదు. ఒక పేజీ తెరుచుకొని ఫోను నంబరు, ఓటీపీ అడుగుతుంది, అది ఇచ్చిన తరువాతనే. ఆ పేజీ రాకపోతే బ్రౌజరు తెరిచి ఏదైనా ఒక చిరునామా కొట్టి చూడండి. అక్కడ పేపరు చదువుకోండి, రైలు వేళలు చూసుకోండి, బ్యాంకు పనులు మాత్రం వద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయవలెను. మొదటి గంటలో చేసిన ఫిర్యాదుకు, మరునాడు చేసిన ఫిర్యాదుకు చాలా తేడా ఉన్నది.

అమ్మీ ఫోను హాట్‌స్పాట్‌తో ట్యాబు నడిపేవారు రోజు డేటా మధ్యాహ్నానికే అయిపోయిందని మొరపెట్టుకుంటారు. ట్యాబు దానిని ఇంటి వైఫై అనుకొని, యాప్‌లన్నీ కొత్తవిగా మార్చుకుంటూ కూర్చుంటుంది. ఆ వైఫై పేరు మీద నొక్కి "మీటర్డ్" అని ఎంచండి. మీటరు తిరుగుతున్నదని దానికి తెలిసిపోతుంది, ఆ పనులు ఆపుతుంది. పాఠం వీడియో 360లో చూస్తే నల్లబల్ల మీద అక్షరాలు చక్కగానే కనబడతాయి. సినిమాకు గదా 1080 కావలసినది.

ఇప్పుడు కార్యవర్గం వారికి ఒక విన్నపము. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణీ అనే పథకమును ఆమోదించినది. దీని ప్రకారం కిరాణా దుకాణమైనా, టీ కొట్టైనా, మనవంటి సంఘం హాలైనా లైసెన్సు లేకుండా, ఫీజు లేకుండా వైఫై పంచవచ్చును. అందుకు ఒక బ్రాడ్‌బ్యాండు కనెక్షను, ఆ పథకానికి తగిన యాక్సెస్ పాయింటు, లెక్కలు చూసే ఒక అగ్రిగేటరు సంస్థతో ఒప్పందము కావలెను. వచ్చినవారు యాప్‌లో ఒకసారి వివరాలు ఇచ్చి, చిన్న కూపనుతో వాడుకొంటారు. ఇన్నాళ్ళు దీనికి అడ్డంకి ఏమిటంటే, ఇటువంటి చోట్లకు కంపెనీలు వ్యాపార కనెక్షన్ల ధర అడిగేవి. 2025 జూన్‌లో ట్రాయ్ వారు ఇంటి కనెక్షను ధరకు రెట్టింపు మించి తీసుకోరాదని, 200 ఎంబీపీఎస్ వరకు, కట్టడి చేసినారు. మన హాలు సాయంత్రాలు ఖాళీగానే ఉంటున్నది. ఇంట్లో జాగా లేని పిల్లలు, ముఖ్యముగా పరీక్షల ముందు, ఇక్కడ కూర్చొని చదువుకోవచ్చును. ఆడపిల్లలకు వేరే వేళలు పెట్టవచ్చును. సంఘం తరఫున రెండు ట్యాబులు ఉంచి, అందులో ఎవరి పేరున వారికి వేరు వేరు యూజరు పెడితే, సింప్యూటర్ వారు కార్డుతో తలచినది మనం ఖర్చు లేకుండా చేసినట్లవుతుంది. సెట్టింగ్స్‌లో మల్టిపుల్ యూజర్స్ అనే చోటు చాలా ట్యాబులలో ఉన్నది. ఖర్చు లెక్క కోశాధికారిగారు వేసి చూడవలెనని మనవి.

వచ్చే ఆదివారం అస్ర్ నమాజు తరువాత ఇదే హాలులో అందరూ తమ ట్యాబులు తీసుకొని రావలెను. చార్జరు మరువవద్దు, ముందురోజు రాత్రి నుండే చార్జింగు పెట్టి ఉంచండి. సిమ్ ఉంటే సిమ్, రౌటరు ఉంటే దాని అడుగున ఉన్న చీటీ ఫోటో తెండి. స్కాలర్‌షిప్పు దరఖాస్తులో ఎవరి నంబరు ఉన్నదో తెలియని వారు దరఖాస్తు కాగితం కూడా తెండి, గడువు రాకముందే చూస్తాము. ఇందాక నవ్విన యువకులకు చెప్పిన పని ఇదే: ప్రతి ఒక్కరూ ఇద్దరు ఖాలాల పక్కన, లేక ఇద్దరు పిల్లల పక్కన కూర్చోవలెను. నోటితో చెప్పండి, వేలితో చూపండి. ట్యాబు మాత్రం మీ చేతిలోకి తీసుకోవద్దు. ఖాలా ఒక్కో అక్షరం వెతుక్కొని కొడుతుంటే పది నిమిషాలు పట్టినా సరే, కూర్చోండి. చాయ్ ఏర్పాటు మేము చూసుకుంటాము.